గొడుగు సందర్శన వేళలు

మంచుమెట్టలో గొడుగులకు ఒక ఆనవాయితీ ఉంది. ఎండలు ముదిరాక, ఏప్రిల్ నెలాఖరుకి, ఊళ్లో ఉన్న గొడుగులన్నీ దర్జీల సందులోని దాలయ్య కొట్టుకు చేరతాయి. తొలకరి చినుకు పడ్డ రోజున ఎవరి గొడుగు వాళ్లు వచ్చి పట్టుకెళతారు. ఈ మధ్యలో దాలయ్య విరిగిన కమ్ములు మార్చి, చిరిగిన గుడ్డకు మాసికలు వేసి, ఊడిన పిడులు బిగించి, కొట్టులో అడ్డంగా కట్టిన వెదురు బొంగుకు వాటిని వరసగా తగిలిస్తాడు. కొండ మీది ఊరు గనక వాన ఒకసారి పట్టుకుంటే నాలుగు నెలలు వదలదు. ఆ నాలుగు నెలలూ ఊరు ఊరంతా దాలయ్య కుట్టిన గుడ్డ కిందే తిరుగుతుంది.

రసీదులు లేవు. దాలయ్యకు చదువు రాదు. ఆయన భార్య అచ్చియ్యమ్మకూ వచ్చేది కాదు గానీ ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. గొడుగు తెచ్చిన ప్రతి మనిషి దగ్గరా ఇంట్లోని పాత గుడ్డపీలిక ఒకటి అడిగి పుచ్చుకుని పిడికి ముడి వేసేది. పచ్చ గళ్ల లుంగీ పీలిక పోస్టాఫీసు వాళ్లది. నీలం అంచు తెల్ల పీలిక నర్సు రత్నకుమారిది. టీకొట్టు పైడమ్మది పసుపు పువ్వుల చీర. ఎవరింటి గుడ్డను వాళ్లు గుర్తుపట్టకపోవడం ఉండదు గనక ముప్ఫయ్యేళ్లలో ఒక్క గొడుగు కూడా తారుమారు కాలేదు. అచ్చియ్యమ్మ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు పీలికలు దాలయ్యే కడుతున్నాడు. ముడి మాత్రం ఆవిడ వేసినంత చిన్నదిగా రావడం లేదు.

ఇలా ఉండగా, ఆ సందుకు ప్రాణం పోయిందని నగర పంచాయతీ కనిపెట్టింది.

కనిపెట్టినవాడు పట్నం నుంచి వచ్చిన సలహాదారు. పేరు వేదాంశ్. ముప్ఫయ్యేళ్లు ఉంటాయేమో, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో పలక లాంటి ఫోను. మంచుమెట్టకు వచ్చే పర్యాటకులు మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి, వ్యూ పాయింటు దగ్గర లోయకు వీపు పెట్టి ఫోటో తీయించుకుని, మొక్కజొన్న పొత్తు తిని వెళ్లిపోతున్నారే గానీ సందుల్లోకి రావడం లేదని అతను మూడు రోజులు నిలబడి సర్వే చేశాడు. నిజానికి ఆ సందులో రోజుకు మూడు నాలుగు వందలమంది తిరిగేవాళ్లు. పైడమ్మ దగ్గర టీ తాగేవాళ్లు, నలుగురు దర్జీల దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లు, గ్యాస్ స్టవ్వులు బాగు చేయించుకునేవాళ్లు. కానీ వాళ్లంతా ఊరివాళ్లు. ఊరివాళ్లను నింపడానికి ఆ సర్వే కాగితంలో గడి లేదు.

ఆ విధంగా సందుల పునరుజ్జీవన, స్థానిక వ్యాపార ప్రోత్సాహక పథకం పుట్టింది. కొట్లవాళ్లందరినీ ఆఫీసుకు పిలిపించి కూర్చోబెట్టారు. సందు అంటే నడిచి పోయే దారి కాదని, అదొక అనుభవమని వేదాంశ్ చెప్పాడు. దాలయ్య శ్రద్ధగా విన్నాడు. ఆ సందులో ఆయనకు ఎక్కువగా కలిగిన అనుభవం మూత లేని కాలవలో కాలు పడడం. ఆ మాటే లేచి మర్యాదగా అడిగాడు. పథకం పరిధి తల పైభాగానికే పరిమితమనీ, కాలి కింది భాగం వేరే శాఖ చూసుకుంటుందనీ వేదాంశ్ వివరించాడు.

తల పైన గొడుగులు కడతామన్నారు. రంగు రంగుల గొడుగులు నూట ఇరవై, సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా, తలకిందులు కాకుండా, తెరిచి. ఎక్కడెక్కడో దేశాల్లో అలా కట్టారట, జనం విరగబడి వచ్చారట. గొడుగులు సరఫరా చేసే పనికి పిలిచిన టెండరులో దాలయ్య పాల్గొనడానికి వీల్లేకపోయింది. అంతకు ముందు కనీసం మూడు సందులను పునరుజ్జీవింపజేసిన అనుభవం ఉండాలన్నారు. పని రెండు రాష్ట్రాల అవతలి కంపెనీకి వెళ్లింది.

ప్రారంభోత్సవం మే ఇరవై ఎనిమిదిన పెట్టారు. మంత్రిగారు పదకొండింటికి వస్తారు. పొద్దున్న తొమ్మిదింటికి తెలిసిందేమిటంటే, గొడుగుల లారీ ఘాట్ రోడ్డు ఏడో మలుపులో ఇంజను చెడి ఆగిపోయిందని.

తొమ్మిదిన్నరకు కమిషనర్ సుదర్శనంగారు, వెనకాల వేదాంశ్, వాళ్ల వెనకాల నిచ్చెన మోసుకుంటూ ఇద్దరు మనుషులు దాలయ్య కొట్టు ముందుకొచ్చి నిలబడ్డారు. కొట్టులో అరవై రెండు గొడుగులు, బాగుపడి, తొలకరి కోసం ఎదురు చూస్తూ వేలాడుతున్నాయి.

"దాలయ్యగారూ, ప్రజాప్రయోజనాన్ని దృష్టిలో ఉంచుకుని ఈ గొడుగులను రెండు గంటల పాటు నగర పంచాయతీ వినియోగించుకోదలచింది," అన్నాడు కమిషనర్.

"నావి కాదు బాబూ. ఊరోలవి. నా కాడ ఒగ్గీసినారు," అన్నాడు దాలయ్య.

"ఊరు అంటే ఏమిటి? నగర పంచాయతీయే కదా."

దాలయ్య వేలాడుతున్న గొడుగుల వంక చూశాడు. రెండు గంటలే కదా అనుకున్నాడు. ముప్ఫయ్యేళ్లలో తన కొట్టు ముందుకు ఆఫీసరు రావడం అదే మొదలు. దానికి తోడు ఆయన 'గారూ' అని కూడా అన్నాడు. దాలయ్య తనే ఒక్కొక్క గొడుగూ తీసి అందించాడు. పీలికలు ఊడకుండా చూడమని మాత్రం చెప్పాడు.

అన్నీ నల్లవే కావడంతో వేదాంశ్ ముఖం చిన్నబోయింది. అప్పుడు అతని కళ్లు లోపలి గోడ మీద, మేకుకు విడిగా తగిలించిన గొడుగు మీద పడ్డాయి. పాత ఎర్ర గొడుగు. పిడికి జరీ పోయిన చీర అంచు ముక్క కట్టి ఉంది.

"నలుపు మధ్యలో ఒక ఎరుపు," అన్నాడు వేదాంశ్ కళ్లు మూసుకుని. "సెంటర్ పీస్."

"అది బాగుకొచ్చింది కాదు బాబూ. మా ఆడమనిషిది."

"ఆవిడ చూస్తే చాలా సంతోషిస్తారు."

దాలయ్య దాన్ని మేకు మీంచి తనే తీసి అందించాడు. నిచ్చెన మీదున్న మనిషి మాత్రం ఆ గొడుగు అందుకునే ముందు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. అది చూసి దాలయ్య మనసు కాస్త కుదుటపడింది.

మంత్రిగారు పదకొండుకు కాకపోయినా ఒంటిగంటకు వచ్చారు. పైకి చూశారు. తాను చదవాల్సిన కాగితంలో రంగు రంగుల గొడుగులని రాసి ఉంది; పైన నల్లగా ఉంది. మంత్రులు ఊరికే మంత్రులు కారు. ఆ నల్ల గొడుగులు మన కొండల మీది మబ్బులని, మధ్యలోని ఎర్ర గొడుగు వాటిని చీల్చుకుని వచ్చే అభివృద్ధి సూర్యుడని ఆయన అక్కడికక్కడే అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఫోటో సాయంత్రానికి రాష్ట్రంలోని ఫోన్లన్నిటికీ పాకింది. లారీ ఆరింటికి కొండెక్కింది. కానీ అప్పటికి మబ్బులనీ సూర్యుడనీ మంత్రిగారు సెలవిచ్చేశారు గనక, రంగు గొడుగులు కడితే ఆయన మాట కాదన్నట్టవుతుందని వాటిని గోదాములో పెట్టి తాళం వేశారు.

మర్నాడు దాలయ్య నగర పంచాయతీ ఆఫీసుకు వెళ్లాడు. స్టోర్ గుమస్తా గున్నేశ్వర్రావు ఆయనను కుర్చీలో కూర్చోమన్నాడు. ఆ ఆఫీసులో గుమస్తాలు ఎవరినీ కూర్చోమనరు. గున్నేశ్వర్రావు రిజిస్టరు తెరిచి చూపించాడు. అరవై మూడు గొడుగులు, ఒకటి నుంచి అరవై మూడు దాకా నంబర్లు వేసి, రాత్రికి రాత్రే స్థిరాస్తుల కింద ఎక్కించేశారు. ఇరవై ఎనిమిదో పేజీలో చెత్త ట్రాక్టరు తర్వాత, శ్మశానం ప్రహరీ గోడకు ముందు.

"యేలాడేది స్థిరాస్తి ఎలగవుద్ది బాబూ?"

"కదలకుండా వేలాడితే అవుతుంది," అన్నాడు గున్నేశ్వర్రావు, తనకూ నమ్మకం లేని గొంతుతో.

విడిపించుకునే దారి కూడా చెప్పాడు. ప్రతి యజమానీ గొడుగు కొన్న బిల్లు, గొడుగుతో దిగిన ఫోటో జతచేసి అర్జీ పెట్టాలి. కౌన్సిలు తీర్మానం చేయాలి. తీర్మానాన్ని జిల్లాకు పంపాలి. జిల్లా వాళ్లు అభ్యంతరం లేదని రాయాలి. ముడివేసిన పీలికలు రుజువుగా చెల్లవా అని దాలయ్య అడిగాడు. పీలికలను వేదాంశ్ గారు స్థానిక హస్తకళగా గుర్తించారని, గొడుగుకు ఒకటి చొప్పున కాక మూడేసి కట్టమని ఆదేశించారని గున్నేశ్వర్రావు చెప్పాడు. ఆ వారంలో పట్నం నుంచి మూడు బస్తాల పీలికలు వచ్చాయి.

జూన్ తొమ్మిదిన వాన పడింది.

మొదట వచ్చింది నర్సు రత్నకుమారి. సోమ, గురువారాల్లో టీకామందుల పెట్టె భుజాన వేసుకుని కొండ మీది గూడేలకు నడిచి వెళుతుంది. పోను ఆరు కిలోమీటర్లు, రాను ఆరు. కొట్టు ముందు నిలబడి, ఎప్పటిలాగే నవ్వుతూ చెయ్యి చాచింది.

"నా గొడుగు ఇవ్వండి మావా."

దాలయ్య పైకి చూపించాడు. పన్నెండడుగుల ఎత్తున, మూడో వరసలో, నీలం అంచు పీలిక తడిసి వేలాడుతోంది. రత్నకుమారి కాసేపు అలాగే పైకి చూసింది. తర్వాత చెంగు లోంచి ప్లాస్టిక్ సంచి తీసి పెట్టెకు చుట్టింది.

"పెట్టె తడవకపోతే చాలు మావా. నేను ఆరతాను," అని నెత్తిన ఏమీ లేకుండా వానలోకి నడిచింది.

ఆ మాట దాలయ్యకు ముల్లులా దిగింది. రత్నకుమారి తర్వాత పోస్టాఫీసు వాళ్లు వచ్చారు, బడి పంతులు వచ్చాడు, కూరలమ్మే ముసలమ్మ వచ్చింది. అందరూ పైకి చూశారు. ఎవరూ ఆయనను తిట్టలేదు. తిడితే బాగుండును. టీకొట్టు పైడమ్మ ఒక్కతే గ్లాసులు కడుగుతూ, ఎటో చూస్తూ అంది: "అచ్చియ్యమ్మ ఉంటే ఇచ్చుండదు. రెండు గంటలంటే రెండు గంటలూ గడియారం పట్టుకుని నిచ్చెన కిందే నిల్చుండును."

అది నిజమని దాలయ్యకు తెలుసు. ఇచ్చిన గొడుగు తిరిగి ఇవ్వలేనివాడు గొడుగుల కొట్టు తెరవడం దేనికి? మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు గొడుగుల వాళ్లందరినీ వెంటబెట్టుకుని, తడుస్తూ, కమిషనర్ దగ్గరికి వెళ్లాడు.

కమిషనర్ సుదర్శనంగారు కఠినుడు కాడు. తన గది తివాచీ మీద నీళ్లు కారుతున్నా బయటికి పొమ్మనలేదు. వారం ఆలోచించి ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని గున్నేశ్వర్రావు సందు మొదట్లో బల్ల వేసుకుని అందరికీ చదివి వినిపించాడు.

"స్థిరాస్తులైన గొడుగులను యజమానుల వద్దకు పంపుట నిబంధనల రీత్యా సాధ్యము కాదు. అయితే యజమానులు తమ గొడుగుల వద్దకు వచ్చుటకు ఏ నిబంధనయూ అడ్డు రాదు. కావున ఇందుమూలముగా ప్రతిదినము సాయంత్రము నాలుగు నుండి ఐదు గంటల వరకు గొడుగు సందర్శన వేళలుగా ప్రకటించడమైనది. ఆ సమయమున వాన కురిసినచో, యజమానులు తమ తమ గొడుగుల క్రింద ఉచితముగా నిలబడవచ్చును."

సందర్శకులకు కార్డులిచ్చారు. సందు మొదట్లో రిజిస్టరు పెట్టారు. అందులో పేరు, గొడుగు నంబరు, వచ్చిన వేళ, వాతావరణం, చివరన 'గొడుగుతో సంబంధం' అని గడులున్నాయి. చివరి గడిలో యజమాని, కుటుంబ సభ్యుడు, ఇతరులు అనే మూడింటిలో ఒకటి రాయాలి. ఐదు కొట్టగానే గున్నేశ్వర్రావు ఈల వేయాలి.

మొదటి రోజు జనం వింతకు వచ్చారు. పన్నెండడుగుల ఎత్తున ఉన్న గొడుగు కింద నిలబడితే ఏటవాలు వాన ఆగదు. నడుం దాకా తడిసి, ఎవరి నంబరు కింద వాళ్లు నిలబడి పైకి చూస్తున్న ఆ ఊరిని చూసి, మెయిన్ రోడ్డు మీది పర్యాటకులు మొట్టమొదటిసారిగా దర్జీల సందులోకి వచ్చారు. వాళ్లందరి చేతుల్లోనూ మంచి గొడుగులున్నాయి. ఫోటోలు తీసుకున్నారు. సందు మొదట్లో తల తలకూ టిక్కుమనే యంత్రం ఉంది. ఆ గంటలో అది ఏడు వందల సార్లు టిక్కుమంది.

వేదాంశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. సందు మేలుకుందన్నాడు.

మేలుకున్న సందుకు స్థలం చాలలేదు. పైడమ్మ పొయ్యి పొగ గొడుగులకు పడుతోందని ఆమెను ముందు పంపారు. దర్జీల మిషన్ల చప్పుడు అనుభవానికి భంగమని వాళ్లను పంపారు. స్టవ్వుల వాడు అసలు ఇతివృత్తానికే సంబంధం లేనివాడని తేలింది. ఈ విధంగా స్థానిక వ్యాపారాలను ప్రోత్సహించేందుకు సందులోని స్థానిక వ్యాపారాలన్నిటినీ బస్టాండు వెనక రేకుల షెడ్డుకు తరలించారు. అక్కడ ఇంకా సందు లేదు, పునరుజ్జీవింపజేయడానికి. వాళ్లున్న చోట్ల గొడుగు బొమ్మలున్న కప్పులు, గొడుగు బొమ్మలున్న బనీన్లు అమ్మే కొట్లు వచ్చాయి. వాటి యజమానులు పట్నంలో ఉంటారు.

దాలయ్యను మాత్రం ఉంచారు. గొడుగుల సందులో గొడుగుల వాడు ఉండడం సమంజసమన్నారు. బాగుచేయడానికి ఊళ్లో గొడుగు లేదు, అన్నీ పైనున్నాయి. అయినా నాలుగు నుంచి ఐదు దాకా చేతిలో సూది పట్టుకుని కూర్చోమన్నారు. కుట్టనక్కర్లేదు, కుడుతున్నట్టు ఉంటే చాలునని వేదాంశ్ ఎంతో నచ్చజెప్పాడు. దాలయ్య కూర్చున్నాడు. చుట్టూ ఊరు నిలబడి తడుస్తుంటే, మధ్యలో పొడిగా కూర్చుని, గాలిని కుట్టాడు.

జూలైలో సందర్శనకు జనం తగ్గారు. వరసగా మూడు రోజులు తమ గొడుగును చూడ్డానికి రాని యజమానులకు గొడుగు పట్ల ఆసక్తి లేదని భావించి కార్డు రద్దు చేస్తామని ఇంకో ఉత్తర్వు వచ్చింది. జనం మళ్లీ వచ్చారు. రత్నకుమారి గూడేల నుంచి పరుగున దిగి, రొప్పుతూ నాలుగూ యాభైకి వచ్చి, పదిహేడో నంబరు కింద పది నిమిషాలు నిలబడి వెళ్లేది. ఒక రోజు ఆమె నిలబడి దగ్గడం దాలయ్య విన్నాడు. ఆ రాత్రంతా ఆ దగ్గు చెవుల్లోనే ఉంది.

జూలై మూడో వారంలో ఈదురుగాలి వీచి నలభయ్యో నంబరు గొడుగుకు కమ్మి విరిగింది. దాలయ్య ఆఫీసుకు వెళ్లి, అది బాగుచేస్తానన్నాడు. గున్నేశ్వర్రావు నిబంధనల పుస్తకం తీశాడు. స్థిరాస్తికి మరమ్మతు చేయాలంటే అంచనాలు వేసి ఇంజనీరు సంతకం కావాలి. ఇంజనీరు రోడ్ల వాడు. గొడుగుకు అంచనా వేయడం ఆయనకు రాదు. గున్నేశ్వర్రావు పేజీ తిప్పాడు. గుమ్మం వైపు చూశాడు. గదిలో ఇంకెవరూ లేరు. గొంతు సవరించుకుని పద్నాలుగో నిబంధన చదివాడు. పథకంలోని ఏ ఆస్తి అయినా పాడై పర్యాటకుల దృష్టికి వికారంగా కనబడితే, అదే రోజు దాన్ని దించి, రద్దు చేసి, ఆఫీసు వెనక తుక్కు కుప్పలో పారవేయాలి. తదనంతరం దానితో నగర పంచాయతీకి ఎట్టి సంబంధమూ ఉండదు.

దాలయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మళ్లీ ఓపాలి సదవండి బాబూ."

గున్నేశ్వర్రావు మళ్లీ చదివాడు, ఈసారి నిదానంగా, చివరి వాక్యం దగ్గర మరీ నిదానంగా. పుస్తకం మూసేశాడు.

"నేను చదివాను. మీరు విన్నారు. నేను మాత్రం మీకేం చెప్పలేదు దాలయ్యగారూ."

రెండు రోజుల తర్వాత దాలయ్య కమిషనర్ను కలిసి, జీతం బత్తెం లేకుండా గొడుగులను కనిపెట్టుకుని ఉండే పని తనకిమ్మని వేడుకున్నాడు. కమిషనర్ ఎంతో సంతోషించారు. పథకంలో స్థానికుల భాగస్వామ్యం అనే శీర్షిక కింద అప్పటిదాకా రాయడానికి ఏమీ లేదు. దాలయ్యకు 'ఆస్తుల సంరక్షకుడు' అని బిళ్ల ఇచ్చారు, ఒక నిచ్చెన ఇచ్చారు.

మర్నాడు తెల్లవారాక దాలయ్య నిచ్చెన ఎక్కాడు. పదిహేడో నంబరు దగ్గర ఆగాడు. గొడుగు కమ్ములన్నిటినీ నెత్తి దగ్గర ఒక సన్నటి తీగ కలిపి ఉంచుతుంది. ఆ తీగ లాగేస్తే ఎనిమిది కమ్ములూ ఒక్కసారిగా జారి, చూసేవాళ్లకు ఆ గొడుగు ఇక చచ్చినట్టే ఉంటుంది. మళ్లీ గుచ్చడానికి తెలిసినవాడికి పావుగంట చాలు. అదంతా ఆయనకు తెలుసు. అయినా పటకారు పట్టుకున్న చెయ్యి ముందుకు సాగలేదు. ఆ చేతులు ముప్ఫయ్యేళ్లుగా ఆ తీగలు బిగించాయే తప్ప ఎన్నడూ లాగలేదు. చివరికి రత్నకుమారి దగ్గు తలుచుకుని, కళ్లు మూసుకుని లాగాడు.

గొడుగు వికారంగా కనబడింది. దించారు. గున్నేశ్వర్రావు రిజిస్టరులో కారణం దగ్గర 'గాలి' అని రాశాడు. ఆ రోజు ఆకు కదల్లేదు.

మధ్యాహ్నం ఆఫీసు వాళ్లు భోజనాలకు వెళ్లినప్పుడు దాలయ్య తుక్కు కుప్ప దగ్గరికి వెళ్లాడు. సాయంత్రానికి రత్నకుమారి గుమ్మంలో ఉన్నాడు, నీలం అంచు పీలిక కట్టిన గొడుగుతో. బస్తాల్లో వచ్చిన రెండు పీలికలూ విప్పి పారేశాడు.

"ఎలా ఇచ్చారు మావా?" అంది ఆవిడ.

"ఇవ్వనేదమ్మా. ఇరిగిపోనాదని పారీసినారు."

ఆవిడ తెరిచి, తిప్పి తిప్పి చూసింది. "ఎక్కడ విరిగింది?"

"ఇప్పుడిరగనేదు."

అప్పటి నుంచి మంచుమెట్ట దర్జీల సందులో రోజుకు ఒకటి, ఒక్కోరోజు రెండు గొడుగులు గాలికి పోయాయి. గున్నేశ్వర్రావు అన్నిటికీ గాలి అనే రాశాడు. ఎండ కాసిన రోజు మాత్రం 'వేడిగాలి' అన్నాడు. ఆగస్టు చివరికి బడి పంతులు గొడుగు, పోస్టాఫీసు గొడుగులు, పైడమ్మది, కూరల ముసలమ్మది, అన్నీ ఇళ్లకు చేరాయి. పైడమ్మ తన గొడుగు పుచ్చుకుంది. రేకుల షెడ్డులో ఆయనకిచ్చిన టీలో ఆ రోజు అల్లం ఎక్కువ వేసింది.

పైన ఒక్క ఎర్ర గొడుగే మిగిలింది. అది సరిగ్గా సందు మధ్యలో పెట్టిన నిఘా కెమెరా కింద ఉంది. పథకం బోర్డుల మీద, కప్పుల మీద, బనీన్ల మీద ఉన్న బొమ్మ అదే. దాని మీద చెయ్యి వేస్తే మొదటి రోజే పట్టుబడి, ఊరి గొడుగులు అరవై రెండూ పైనే ఉండిపోతాయని దాలయ్య ఆగాడు. ఊళ్లోవాళ్లవి అయ్యాక మనది. అచ్చియ్యమ్మ అయినా అలాగే అనేది. సోమవారం దించుదామనుకున్నాడు.

శనివారం విచారణ సంఘం కూర్చుంది.

వేదాంశ్ తెర మీద గీతలు చూపించాడు. దాలయ్య సంరక్షకుడైన నాటి నుంచి గొడుగులు వరసగా పాడయ్యాయి. ఆయన రాకముందు రెండు నెలల్లో పాడైంది ఒక్కటి. దీనికి కారణమేమిటని సంఘం రెండు గంటలు చర్చించింది. పని తెలిసినవాడు కావాలని పని చెడగొట్టి ఉంటాడన్న ఊహ ఆ గదిలో ఒక్కరికీ రాలేదు. వాళ్ల జీవితాల్లో చూసిన చెడిన పనులన్నీ చేతకాక చెడినవే. ఉత్తర్వు కాగితం దాలయ్య చేతికిచ్చే ముందు గున్నేశ్వర్రావు దాన్ని చదివాడు.

"విచారణలో తేలినదేమనగా, సదరు దాలయ్యకు గొడుగుల పనియందు కనీస పరిజ్ఞానము లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ఇకపై ఇతడు నగర పంచాయతీకి చెందిన ఏ గొడుగునూ ముట్టరాదు."

"ఎర్రది?" అన్నాడు దాలయ్య.

గున్నేశ్వర్రావు తల దించుకున్నాడు.

గోదాములోని రంగు గొడుగులు బయటికొచ్చాయి. నూట ఇరవయ్యీ ఎర్ర గొడుగు చుట్టూ కట్టారు. కంపెనీ గొడుగులు కంపెనీ గొడుగులే. సెప్టెంబరు మొదటి గాలికే సగం కమ్ములు బయటపెట్టుకుని, చచ్చిన సాలీళ్లలా వేలాడాయి. దించడానికి సంరక్షకుడు లేడు. కొత్తవాడిని వేద్దామంటే, ఊళ్లో గొడుగుల పని తెలిసినవాడు ఒక్కడే, ఆయనకు పని రాదని ప్రభుత్వం ధ్రువీకరించింది. ఇంతలో ఉత్తమ సందు పురస్కారం వచ్చింది. టిక్కుల లెక్క ఘనంగా ఉందట. వేదాంశ్ దాన్ని అందుకుని, ఇంకో కొండ మీది ఊరికి ప్రాణం పోయిందని తెలిసి అటు వెళ్లిపోయాడు.

దాలయ్య కొట్టు బస్టాండు వెనక, పైడమ్మ పక్కకు మారింది. ధ్రువీకరణ పత్రానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి గుమ్మం మీద తగిలించాడు. గొడుగులు తెచ్చినవాళ్లు ముందు దాన్ని పైకి చదివి ఆయనకు వినిపించి, తర్వాత గొడుగూ గుడ్డపీలికా చేతికిచ్చేవాళ్లు. "పనిరాని మావా, ఇది కాస్త బిగించండి," అనేది రత్నకుమారి.

సాయంత్రం నాలుగవుతుంటే దాలయ్య సూది గుడ్డకు గుచ్చి లేచేవాడు. ఊళ్లో మిగిలిన సందర్శకుడు ఆయనొక్కడే. సందర్శన వేళల ఉత్తర్వు ఎవరూ రద్దు చేయలేదు గనక గున్నేశ్వర్రావు కూడా బల్ల వేసుకుని, ఈల జేబులో పెట్టుకుని, రిజిస్టరు ముందు కూర్చునేవాడు.

మొదటిసారి వెళ్లిన రోజు వాన పడుతోంది. గున్నేశ్వర్రావు పేరు రాశాడు. గొడుగు నంబరు అరవై మూడు అని రాశాడు. వాతావరణం రాశాడు. చివరి గడి దగ్గర ఆగాడు.

"గొడుగుతో సంబంధం ఏమని రాయమంటారు? యజమాని అనేనా?"

దాలయ్య పైకి చూశాడు. విరిగిన రంగు కమ్ముల మధ్య ఎర్ర గుడ్డ నిండుగా, ఒక్క కుట్టూ వీడకుండా ఉంది.

"ఎలగ బాబూ. నాది కాదు గదా, ఆవిడిది."

గున్నేశ్వర్రావు కలం విదిలించాడు. తర్వాత ఏదో రాశాడు.

"ఏటి రాసినారు?"

"కుటుంబ సభ్యుడు."

దాలయ్య తలూపి, కాలవ దాటుకుని వెళ్లి, గొడుగు కింద నిలబడ్డాడు. ఐదు కొట్టింది. ఐదూ పది అయింది. ఈల ఇంటి దగ్గర మరిచిపోవడమైనదని గున్నేశ్వర్రావు రిజిస్టరులో రాసుకుంటున్నాడు.